వైఫై, నా తలనొప్పి, ఇరవై రాత్రుల నోటుబుక్కు

మా హాల్లో షోకేసు పక్కన గోడకు ఒక తెల్ల రూటర్ ఉంటుంది. దాని చిన్న చిన్న లైట్ల మీద నల్ల ఇన్సులేషన్ టేపు అతికించి ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా ఇదేంటని అడుగుతారు. ఇన్నాళ్ళూ రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాను. కానీ ఈ మధ్య నాలాగే, వైఫై వల్లే ఒంట్లో బాగుండట్లేదని ఇబ్బంది పడుతున్నవాళ్ళు ముగ్గురు నాతో విడిగా మాట్లాడారు. అందులో ఒకామె ఫోన్లోనే ఏడ్చేసింది. ఆమెకు చెప్పినదంతా ఒకచోట రాయాలనిపించింది. కాస్త పెద్దదే అవుతుంది.

నేను నల్లగొండలో, రామగిరి వైపు ఉంటాను. ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. కరోనా టైంలో, 2020లో, పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం ఇంటికి ఫైబర్ కనెక్షన్ పెట్టించాం. రూటర్ బిగించిన గోడకు అవతలి వైపే మా మంచం తలాపు. ఆరేడు నెలలు ఏమీ లేదు. 2021 ఎండాకాలం వచ్చేసరికి మొదలైంది. పొద్దుగూకితే చాలు నుదురు పట్టేసేది, చెవుల్లో జుయ్యిమని సన్నటి మోత, పడుకుంటే గుండె దడ, అరచేతుల్లో తిమ్మిర్లు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చిందంటే ఇక నిద్ర లేదు, తెల్లారేదాకా ఫ్యాను చూస్తూ పడుకోవడమే.

ఆ రోజుల్లోనే వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. రూటర్ పక్కన పెట్టిన మొక్క వాడిపోతుంది, టవర్ కింద పిట్టలు చచ్చి పడి ఉంటాయి, చివర్లో లక్షణాలు ఒక్కొక్కటే వస్తాయి: తలనొప్పి, చెవి మోత, దడ, తిమ్మిర్లు, నిద్ర లేకపోవడం. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రాసినట్టే ఉంది. భయం కంటే ముందు నాకు కలిగింది ఊరట. నెలల తరబడి ఏంటో తెలియని దానికి ఒక పేరు దొరికింది, వేలు పెట్టి చూపించడానికి ఒక వస్తువు దొరికింది, అదీ నా తలకు రెండడుగుల దూరంలో. ఈ ఊరట ఎంత బలమైనదో అనుభవించని వాళ్ళకు తెలియదు. అందుకే ఇలాంటివాళ్ళను ఎగతాళి చేసేవాళ్ళంటే నాకు ఇప్పటికీ కోపం.

అక్కడి నుంచి ఇల్లంతా మారిపోయింది. రూటర్‌ను వంటింటి పక్కకు మార్పించాను. చాల్లేదు. దానికి అల్యూమినియం ఫాయిల్ చుట్టాను, నెట్ రావట్లేదని పిల్లలు గోల. రాత్రి ఎనిమిదికే బంద్ చేయమన్నాను, మా ఆయనకు ఆఫీసు పని ఆగిపోయేది, మాటా మాటా పెరిగేది. కొన్నాళ్ళు డాబా మీద పడుకున్నాను. అక్కడి నుంచి మూడు వీధుల అవతలి టవర్ ఎర్ర లైటు కనపడేసరికి కిందకి దిగాను. ఆన్‌లైన్‌లో రెండు వేలు పెట్టి ఒక మీటర్ కొన్నాను, ఎక్కడ పెట్టినా ఏదో ఒక అంకె చూపించేది, దాని అర్థం ఏంటో నాకు తెలియదు, ఎర్రగా వెలిగితే మాత్రం గుండె జారిపోయేది. 2,800 పెట్టి మెడలో వేసుకునే నల్ల లాకెట్టు కొన్నాను. రేడియేషన్‌ను పీల్చుకుంటుందట. స్కూల్లో కంప్యూటర్ గదిలోకి వెళ్ళడం మానేశాను. పక్కింటామె "అక్కా, మాది కూడా బంద్ చేయమంటవా?" అని అడిగింది. మంచి మనసుతోనే అడిగింది. అవునని చెప్పడానికి నోరు తెరిచిన ఆ క్షణం నాకిప్పటికీ గుర్తుంది.

2022లో మా తమ్ముడి బిడ్డ పెళ్ళి మిర్యాలగూడలో అయింది. ఫంక్షన్ హాల్ అంటే వందల ఫోన్లు. నేను పోలేదు. మేనత్తను నేను, నేను చేయాల్సినవి మా చిన్నమ్మ బిడ్డ చేసింది. ఆ పిల్ల పీటల మీద నుంచి గుమ్మం వైపు ఎన్నిసార్లు చూసిందో వీడియోలో కనపడింది. ఆ వీడియోను కూడా నేను రెండు నెలల తర్వాత చూశాను, ఫోన్ దూరంగా గోడకు ఆనించి.

డాక్టర్ల సంగతి. మొదటి ఆయన బీపీ చూసి "ఏం లేదమ్మా, టెన్షన్" అన్నాడు. రెండో ఆయన వైఫై అనే మాట నా నోట్లోంచి రాగానే నవ్వి, "అంతా మీ మనసులోనే ఉంది" అన్నాడు. ఏం లేదు. ఈ రెండు మాటలంటే నాకు చిన్నప్పటి నుంచి పడదు, దానికి కారణం ఉంది.

మాది మర్రిగూడ వైపు పల్లె. ఆ వైపు అనగానే మా జిల్లా వాళ్ళకు అర్థమైపోతుంది, బోరు నీళ్ళలో ఫ్లోరైడ్, ఎముకలను, కీళ్ళను పాడుచేసేది. మా అమ్మకు మెడ తిరగదు. పక్కన ఎవరైనా పిలిస్తే నడుము నుంచి పై ఒళ్ళంతా తిప్పి చూస్తుంది. కింద కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. మా నాయనమ్మ అయితే చివరి పదేళ్ళు నేలను చూస్తూనే నడిచింది. మా ఇంట్లో దాన్ని చాలా ఏళ్ళు వాతం అన్నారు. పోయిన జన్మల పాపం అన్నవాళ్ళూ ఉన్నారు. చూపించుకోవడానికి పోతే ఏం లేదు, వయసు మీద పడింది అన్నారు, అప్పటికి మా అమ్మకు నలభై లేవు. ఏదో నూనె తెచ్చి మోకాళ్ళకు రాసేవాళ్ళు, రాసి, దాహమేస్తే అదే బోరు నీళ్ళు ముంచి తాగించేవాళ్ళు. ఆ నీళ్ళు తేటగా ఉండేవి. రుచికి కూడా ఏ తేడా తెలిసేది కాదు.

ఎవరో ఆ నీళ్ళు సీసాలో పట్టి కొలిచారు. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్ళు దొరకని చోట ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చు. మా వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం వేసి ఆ ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నీరి (NEERI) అనే జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు వచ్చింది, మా ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది అలా. తర్వాత జలసాధన సమితి దుశ్చర్ల సత్యనారాయణ లాంటివాళ్ళు ఊరూరూ తిరిగారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీకి నిలబడ్డారు, మా నీళ్ళ గోడు ఢిల్లీకి వినపడాలని. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ దెబ్బకు దేశమంతా లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్ 500 నుంచి 10,000కు పెరిగింది. తర్వాత ఎన్నో ఏళ్ళకు కృష్ణా నీళ్ళు వచ్చాయి, ఆ తర్వాత భగీరథ నల్లాలు వచ్చాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కంటికి కనపడనిది ఒంటిని పాడుచేస్తుందంటే మా జిల్లా వాళ్ళం వెంటనే నమ్ముతాం. నమ్మడానికి మాకు హక్కు ఉంది. రేడియేషన్ అనే మాట కూడా మాకు పుస్తకాల్లోంచి రాలేదు. నాగార్జునసాగర్ దగ్గర లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం తవ్వుతామని వచ్చినప్పుడు, 2003లో అభిప్రాయ సేకరణ సభ పెట్టినప్పుడు, ఊళ్ళ జనం ఎలా లేచారో నేను చూశాను. 2019లో నల్లమలలో, అమ్రాబాద్ వైపు మళ్ళీ అదే మాట వస్తే రాష్ట్రమంతా కదిలింది, తవ్వొద్దని అసెంబ్లీ తీర్మానం చేసింది. ఆ భయం సరైనదే. యురేనియం నుంచి వచ్చే కిరణాలకు అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టేంత శక్తి ఉంటుంది, మన కణాల లోపలి డీఎన్ఏను దెబ్బతీయగలవు. వైఫైది ఆ జాతి కాదు. అది రేడియో తరంగం, 2.4 లేదా 5 గిగాహెర్ట్జ్. దాని ఒక్కో రేణువులో ఉండే శక్తి మనం చదువుకునే లైటు వెలుతురులో ఉన్నదానికంటే సుమారు లక్ష రెట్లు తక్కువ. ఎక్కువ మోతాదులో అది చేయగలిగేది వేడెక్కించడం, మైక్రోవేవ్ ఓవెన్ చేసేది అదే, కాకపోతే ఓవెన్ మూసిన పెట్టెలో ఏడెనిమిది వందల వాట్లు పెడుతుంది, ఇంటి రూటర్ పంపేది మామూలుగా ఒక వాట్‌లో పదో వంతు దగ్గర. పైగా దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. రెండింటికీ రేడియేషన్ అనే ఒకే పేరు ఉండడం వల్ల నాలాంటివాళ్ళు ఎంత నలిగిపోయారో ఆ పేరు పెట్టినవాళ్ళకు తెలియదు.

ఇది నాకు అప్పుడు తెలియదు. తెలిసినా నమ్మేదాన్ని కాదేమో, ఎందుకంటే నాకు నొప్పి ఉంది. నొప్పి ఉన్నవాళ్ళకు ఫిజిక్స్ చెప్తే అది కూడా 'ఏం లేదు' లాగానే వినపడుతుంది.

నా దారి మార్చింది మా పెద్దోడు. అప్పుడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఒక రాత్రి నేనూ మా ఆయనా రూటర్ స్విచ్ దగ్గర గట్టిగా అరుచుకున్నాక వాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "అమ్మా, నీకు నొప్పి లేదని నేనంటలేను. అది దీనివల్లనేనా, ఇంకోటి ఏదన్న ఉన్నదా చూద్దాం. ఇరవై రోజులు నేను చెప్పినట్టు చెయ్యి" అన్నాడు. ఏడాదిన్నరలో మొదటిసారి ఒకరు నన్ను నమ్మారు, నమ్ముతూనే ప్రశ్న అడిగారు.

పద్ధతి ఇదీ. రూటర్‌ను మళ్ళీ పాత చోటే పెట్టాడు, నా తల వెనక గోడకు. వెలిగినా వెలగకపోయినా తెలియకుండా లైట్ల మీద నల్ల టేపు వేశాడు, వైర్ స్విచ్ బోర్డు మీద అట్టపెట్టె బోర్లించాడు. రోజూ రాత్రి తొమ్మిదికి నన్ను వంటింట్లో ఉండమని, తన గదిలో రూపాయి బిళ్ళ ఎగరేసి, బొమ్మ పడితే ఆన్, బొరుసు పడితే ఆఫ్ చేసి, తన పుస్తకంలో రాసి దాచుకునేవాడు. తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఇంట్లో అందరి ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో. నాకొక రెండు వందల పేజీల నోటుబుక్కు ఇచ్చాడు, స్కేలుతో గీతలు గీసి: తేదీ, నొప్పి పదికి ఎంత, ఎన్ని గంటలు నిద్ర, రాత్రి రూటర్ ఆనా ఆఫా నా అంచనా. నాలుగో రోజు నేనే ఇంకో గడి గీసుకున్నాను, ఆ రోజు ఏం తిన్నాను, ఏం జరిగింది అని. టీచర్ల అలవాటు.

మూడో రాత్రి నాకు బాగా గుర్తు. పడుకున్న పది నిమిషాలకే గోడలోంచి పోటు తలలోకి దిగుతున్నట్టు అనిపించింది, చెవి మోత పెరిగింది, అరచేతులు చెమట పట్టాయి. లేచి లైటు వేసుకుని తొమ్మిది అని రాశాను, పక్కన 'ఆన్' అని రాసి కింద రెండు గీతలు కొట్టాను. అంత నమ్మకం.

ఇరవై ఒకటో రోజు పొద్దున టీ తాగుతూ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్నాం. ఇరవైలో నా అంచనా పదకొండుసార్లు సరిపోయింది. కళ్ళు మూసుకుని చెప్పినా పది సరిపోతాయి. నొప్పి ఏడు దాటిన రాత్రులు ఆరు, అందులో నాలుగింట రూటర్ ఆఫ్. రెండు గీతలు కొట్టిన ఆ మూడో రాత్రి కూడా ఆఫే.

నాకు కోపం వచ్చింది. సరిగ్గా రాయలేదని వాణ్ణి అన్నాను. వాడేమీ అనలేదు, ఈసారి మా ఆయన చేత్తో ఇంకో పది రాత్రులు చేశాం. పదిలో నాలుగు.

ఇక్కడ కొందరు అడుగుతారు, నేనూ అడిగాను: పక్కిళ్ళ వైఫైలు వస్తూనే ఉన్నాయి కదా, మా ఇంట్లో ఫోన్ తీస్తే ఏడు పేర్లు కనపడతాయి, ఆఫ్ రాత్రి నిజంగా ఆఫ్ ఎలా అవుతుంది? న్యాయమైన ప్రశ్నే. కానీ నేను తప్పు పట్టింది రెండడుగుల దూరంలో ఉన్న నా రూటర్‌ను. అది బంద్ చేసిన నిమిషంలో నాకు తేలికయ్యేదని ఏడాదిన్నర ఇంటిల్లిపాదితో పోట్లాడాను. ఆ తేలిక స్విచ్ వల్ల రాలేదు, స్విచ్ వేసిన సంగతి నాకు తెలియడం వల్ల వచ్చింది. ఇక ఏ సిగ్నలూ చొరబడని గదుల్లో ఇదే పరీక్ష ప్రయోగశాలల వాళ్ళు చాలా ఏళ్ళుగా చేస్తున్నారు. లండన్‌లో జేమ్స్ రూబిన్ బృందం 2010లో అలాంటి 46 పరీక్షలను ఒకచోట చేర్చి చూసింది. తమకు పడదని చెప్పినవాళ్ళు మొత్తం 1,175 మంది. సిగ్నల్ ఉందో లేదో పరీక్ష చేసేవాళ్ళకూ తెలియదు, చేయించుకునేవాళ్ళకూ తెలియదు. సిగ్నల్ ఉన్నప్పుడు మాత్రమే బాధ వస్తుందని చూపే గట్టి రుజువు వాళ్ళకు దొరకలేదు. అదే బృందం 2006లో మొబైల్ సిగ్నల్‌తో చేసిన పరీక్షలో సిగ్నల్ పెట్టినట్టు నటించి అసలు పెట్టనప్పుడు కూడా జనానికి తలనొప్పి పెరిగింది, ఆపేయగానే తగ్గింది. పెరిగింది, తగ్గింది, ఈ రెండు మాటలూ చూడండి. వాళ్ళు నటించలేదు. నిజంగానే నొప్పి పుట్టింది.

అదెలా అని అడిగేవాళ్ళకు మా హాస్టల్ సంగతి చెప్తాను. నేను డిగ్రీ చదివేటప్పుడు ఒక రాత్రి వంకాయ కూర తిన్నాక ఒక పిల్ల గిన్నె అడుగున ఏదో చూసి "బల్లి!" అని అరిచింది. పది నిమిషాల్లో పదిహేను మందికి వాంతులు, ఇద్దరు కళ్ళు తిరిగి పడిపోయారు, నాకు కడుపులో మెలిపెట్టింది. తర్వాత వంటామె గరిటెతో తీసి చూపించింది, మాడిన వంకాయ తొడిమ. ఆ వాంతులు అబద్ధమా? నేల కడిగింది మేమే. ప్రమాదం ఉందని మనసు నమ్మితే ఒళ్ళు దానికి తగ్గట్టు పనిచేస్తుంది, గుండె కొట్టుకుంటుంది, కండరాలు బిగుస్తాయి, చెవి లోపలి చిన్న మోత పెద్దదిగా వినపడుతుంది. దీన్ని నొసీబో అంటారు, మంచి జరుగుతుందన్న నమ్మకంతో పంచదార బిళ్ళ పనిచేయడానికి తిరగేసిన బొమ్మ. 2013లో అచ్చయిన ఒక పరీక్షలో 147 మందిలో సగం మందికి వైఫై ప్రమాదం గురించి తీసిన టీవీ కార్యక్రమం చూపించారు, మిగతా సగానికి వేరేది. తర్వాత అందరినీ పదిహేను నిమిషాలు ఉత్త వైఫై ముందు కూర్చోబెట్టారు, అసలు సిగ్నలే లేదు. 54 శాతం మంది ఏదో ఒక బాధ వచ్చిందన్నారు. ముందే ఆందోళన ఎక్కువగా ఉండి, ఆ కార్యక్రమం కూడా చూసినవాళ్ళు మిగతావాళ్ళ కంటే ఎక్కువ బాధ పడ్డారు. నాకు వాట్సాప్‌లో వచ్చిన వీడియో గుర్తొచ్చి చాలాసేపు ఏమీ చదవలేకపోయాను.

నెదర్లాండ్స్‌లో 2017లో మా పెద్దోడు చేసినట్టే ఇళ్ళకు వెళ్ళి పరీక్ష చేశారు, 42 మందికి, వాళ్ళకు బాధ తెలిసే చోటే, వాళ్ళకు పడదన్న తరంగంతోనే. ఒక్కరూ కచ్చితంగా గుర్తుపట్టలేదు. నాకు నచ్చింది ఆ తర్వాతి ముక్క. రెండు నెలలకు, నాలుగు నెలలకు మళ్ళీ అడిగితే చాలామందిలో ఆ నమ్మకం కొంత సడలింది, బాధలూ తగ్గాయి. అంటే ఈ పరీక్ష మనల్ని దొంగగా పట్టుకోవడానికి కాదు. ఇది కూడా వైద్యమే.

నా నోటుబుక్కులో నేను అదనంగా గీసుకున్న గడి అసలు సంగతి బయటపెట్టింది. ఎక్కువ నొప్పి వచ్చిన రాత్రుల ముందు రోజు ఏదో ఒకటి ఉంది. మధ్యాహ్నం బాక్సు తినకుండా ఫోన్లో వివరాలు ఎక్కించుకుంటూ కూర్చున్న రోజులు. సాయంత్రం ఐదు దాటాక రెండో టీ తాగిన రోజులు. నెలసరికి రెండు రోజుల ముందు, రెండు నెలల్లోనూ. ఆ పుస్తకం పట్టుకుని మూడో డాక్టర్ దగ్గరికి పోయాను. ఆమె పది నిమిషాలు ఒక్క మాట మాట్లాడకుండా పేజీలు తిప్పింది. తర్వాత "ఇది మైగ్రేన్‌లా ఉందమ్మా, రక్తం కూడా చూద్దాం" అంది. హిమోగ్లోబిన్ 9.1. ఆడవాళ్ళకు 12 ఉండాలి. గుండె దడ, నీరసం అందులోంచి వచ్చాయి. ఐరన్ మాత్రలు ఇచ్చి, టీతో వేసుకోవద్దని చెప్పింది. మాత్రతో పాటు టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు, ఇంట్లో ఆడవాళ్ళకు ఇది చెప్పండి.

అందరికీ రక్తం తక్కువే అని నేననను. నాకు దొరికింది నాది. ఒకరికి థైరాయిడ్ ఉండొచ్చు, ఒకరికి మెడ నరాలు, ఒకరికి ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని దిగులు. నేను చెప్పేది, ఆ ఏడాదిన్నర నేను రూటర్‌తో పోట్లాడుతుంటే లోపల రక్తం తగ్గుతూ పోయింది, ఎవరూ చూడలేదు, ఎందుకంటే నేను ఒక దాని మీద వేలు పెట్టేశాను. డాక్టర్లు ఆ వేలును చూసి నవ్వారు. మా అమ్మ మోకాళ్ళకు నూనె రాసినట్టే నేను గోడకు ఫాయిల్ చుట్టాను. కారణం తప్పు పడితే అసలుది అలాగే తాగుతూ ఉంటాం.

అందుకే ఇద్దరితోనూ నాకు తగాదా ఉంది. 'అనుమానం జబ్బు' అని నవ్వే ఇంటివాళ్ళతో ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే రాసింది, ఈ లక్షణాలు నిజమైనవి, కొందరిని మంచం పట్టించేంత తీవ్రమైనవి అని, దాంతోపాటే వాటిని విద్యుదయస్కాంత తరంగాలతో ముడిపెట్టే శాస్త్రీయ ఆధారం లేదని కూడా రాసింది. జనం మొదటి సగమో రెండో సగమో పట్టుకుని కొట్టుకుంటారు. రెండూ కలిపి చదివితేనే మనిషికి పనికొస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా ఇలా అంటే ముందు నొప్పి ఎంతో అడగండి, కూర్చుని రాయించండి, రక్తపరీక్ష చేయించండి.

భయం అమ్ముకునేవాళ్ళతో రెండో తగాదా. ఆ నల్ల లాకెట్టు సంగతి చెప్పాను కదా. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ 5జీ నుంచి కాపాడతాయని అమ్మే పది రకాల వస్తువులు వాడొద్దని హెచ్చరించింది, గొలుసులు, చేతి కడియం, కళ్ళకు కట్టుకునే పట్టీ లాంటివి, పరీక్షిస్తే వాటిలోంచే అసలైన రేడియోధార్మిక కిరణాలు వస్తున్నాయి. నాది అలాంటిదో కాదో తెలియదు, చదివిన రోజే తీసి పారేశాను. రేడియేషన్ భయంతో ఒక తల్లి దాన్ని పిల్లల మెడలో వేసి ఉంటే? ఇది నాకు మామూలు మోసంలా అనిపించదు.

క్యాన్సర్ మాటేమిటి అంటారు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఐఏఆర్సీ రేడియో తరంగాలను 2బీ వర్గంలో, అంటే 'క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు' అనే వర్గంలో పెట్టిన మాట నిజం. ముఖ్యంగా ఫోన్ బాగా ఎక్కువగా వాడేవాళ్ళలో మెదడు గడ్డల గురించి ఉన్న పరిమితమైన ఆధారాలను చూసి, కొట్టిపారేయలేం అని ఆ వర్గంలో పెట్టారు. కలబంద ఆకు మొత్తం నుంచి తీసిన సారం కూడా అదే వర్గంలో ఉంది. ఆ పరిశోధనలు జరగాలి, జరుగుతున్నాయి. కానీ గోడ అవతలి రూటర్ వల్ల ఈ రాత్రి తల నొచ్చిందనడానికి అది రుజువు కాదు. ఇక టవర్ భయం ఉన్నవాళ్ళు టవర్ కిందకి పోయి గొడవ పడే బదులు కొలిపించుకోండి. మన దేశం 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. 2017లో మొదలైన తరంగ్ సంచార్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో మీ చుట్టుపక్కల టవర్లు చూసుకోవచ్చు, 4,000 రూపాయలు కడితే మీ ఇంటి దగ్గరికే వచ్చి కొలిచే ఏర్పాటు పెట్టారు. బోరు నీళ్ళు సీసాలో పట్టినట్టే ఇది. లాకెట్టుకు, మీటర్‌కు, ఫాయిల్‌కు నేను తగలేసింది దానికంటే ఎక్కువ.

ఒకటి మాత్రం నేనే కళ్ళారా చూశాను. రూటర్ బంద్ చేయించిన రోజుల్లో పిల్లలు దుప్పటి కప్పుకుని మొబైల్ డేటా వాడేవాళ్ళు, మా పడకగదిలో సిగ్నల్ ఒకటే గీత. సిగ్నల్ తక్కువ ఉన్నచోట ఫోన్ టవర్‌ను అందుకోవడానికి తన శక్తిని పెంచుకుంటుంది, అదీ చెవి పక్కన. అంటే నా భయం లెక్కన చూసినా నేను వాళ్ళను ఎక్కువ వైపే నెట్టాను.

రాత్రి రూటర్ బంద్ చేసి పడుకుంటామంటే చేయండి, కాస్త కరెంటు మిగులుతుంది. అక్కడిదాకా ఎవరికీ నష్టం లేదు. మా వాళ్ళకు ఇదొక్కటే చెప్పాలని ఉంది, పెళ్ళిళ్ళు మానుకోకండి. తప్పుకున్న ప్రతిసారీ బతికిపోయానని ఒళ్ళు లెక్క రాసుకుంటుంది, మర్నాడు ఇంకో అడుగు వెనక్కి వేయిస్తుంది. నేను వంటింటి దాకా, డాబా దాకా, మళ్ళీ కిందకి, అలా అలా ఒక మూలకు చేరాను.

రెండు పుస్తకాలూ చూసిన పొద్దునే అంతా పోయిందని అనుకోకండి. తెలిసిన తర్వాత కూడా మూడు నెలలు రూటర్ పక్కనుంచి నడిస్తే గుండె కొట్టుకునేది. నేర్చుకున్న భయాన్ని ఒళ్ళు అంత తొందరగా వదలదు. హైదరాబాద్‌లో ఒక కౌన్సెలర్ దగ్గర ఎనిమిదిసార్లు కూర్చున్నాను. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటారు, ఈ సమస్యకు ప్రయత్నించిన వైద్యాల్లో ఇప్పటిదాకా కాస్త ఆధారం ఉన్నది దానికే. మొదటి వారం రోజుకు పది నిమిషాలు రూటర్ కింద కుర్చీ వేసుకుని కూర్చోవడం, భయం ఎంత అని రాసుకోవడం, రెండో వారం ఇరవై నిమిషాలు. ఆ కుర్చీలోనే టెన్త్ క్లాసు పేపర్లు దిద్దాను. చెవి మోత ఇంకా ఉంది. మైగ్రేన్ నెలకు రెండుసార్లు వస్తుంది, మాత్ర వేసుకుని గది చీకటి చేసుకుని పడుకుంటాను. నిద్ర మాత్రం తిరిగొచ్చింది.

మా తమ్ముడి బిడ్డకు కొడుకు పుట్టాడు. తొట్టెల్లో వేసిన రోజు నేనే ముందు పోయాను, చుట్టూ అందరూ ఫోన్లతో వీడియోలు తీస్తున్నారు, బాబు పేరు చెవిలో మూడుసార్లు చెప్పింది నేనే. ఆ పిల్ల "అత్తమ్మా, ఇప్పుడు మంచిగున్నదా?" అని అడిగి నా చెయ్యి వదల్లేదు.

పెద్దోడు ఇప్పుడు హైదరాబాద్‌లో చదువుతున్నాడు. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు వీడియో కాల్ చేస్తాడు, హాల్లో రూటర్ కింద సిగ్నల్ బాగుంటుందని అక్కడే కూర్చుంటాను. మా అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది. మనవడి గొంతు వినగానే గోడ పట్టుకుని వచ్చి, ఫోన్‌లోకి చూడడానికి మెడతో పాటు నడుము, భుజాలు, ఒళ్ళంతా మెల్లగా తిప్పుకుంటుంది. వాడితో మాట్లాడడం అయ్యాక అలాగే ఒళ్ళంతా నా వైపు తిప్పి నన్ను చూసి రోజూ అడుగుతుంది.

"నొప్పి ఎట్లున్నది బిడ్డా, ఈయాల ఎంత?"

"నాలుగు అమ్మా. నీ మోకాళ్ళు?"

"ఆరు" అంటుంది. నోటుబుక్కులో రెండూ రాస్తాను.